భయానికి మాట మందు: ఫోబియా చికిత్సలో హిప్నోథెరపీ – తెలుగు పదజాలం, కథనం, సూచన వాక్యం

వ్యాససంగ్రహం

హిప్నోథెరపీ ప్రధానంగా మాటతో జరిగే చికిత్స. చికిత్సకుడు పలికే సూచన వాక్యమే అందులో పరికరం. అయితే తెలుగులో ఈ చికిత్స చుట్టూ ఏర్పడిన పదజాలం, ప్రదర్శనలు, సినిమా కథనాలు దానిని ఒకరిని మరొకరు వశం చేసుకునే శక్తిగా చిత్రించాయి. ఫోబియాతో బాధపడే వ్యక్తికి ఈ చిత్రణ చేసే చెరుపును, తెలుగు వాక్య నిర్మాణం సూచనకు కల్పించే అవకాశాలను, మాట ఒక్కటే చాలని సందర్భాలను పల్నాడు జిల్లా దాచేపల్లి ప్రాంతపు జీవన నేపథ్యంలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఫోబియా, హిప్నోథెరపీ, సూచన, సమ్మోహనం, జడుపు, పూనకం, పల్నాడు.

1. ప్రవేశిక

అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి కృష్ణానదిని దాటేది దాచేపల్లి మండలంలోని పొందుగల వద్ద. అవతలి ఒడ్డు తెలంగాణలోని వాడపల్లి. వంతెన దాటడానికి బస్సుకు ఎంతోసేపు పట్టదు. కానీ ఎత్తు అంటే విపరీతమైన భయం గల మనిషికి ప్రయాణమంతా ఆ వంతెనే. ఇంటి నుంచి బయలుదేరకముందే అది అతని మనసులో మొదలవుతుంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం, చివరకు ఏదో ఒక సాకుతో ప్రయాణం మానుకోవడం. పక్కనున్నవారు ‘ఏం కాదులే’ అంటారు. ఏమీ కాదని అతనికీ తెలుసు. తెలిసినా ఆగని భయమే ఫోబియా. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 దీనిని నిర్దిష్ట ఫోబియాగా గుర్తించింది. వాస్తవ ప్రమాదాన్ని మించిన భయం, భయ కారకాన్ని తప్పించుకొని తిరగడం, ఆ స్థితి సాధారణంగా ఆరు నెలలకు పైగా కొనసాగడం దాని ప్రధాన లక్షణాలు.

ఈ భయాన్ని హిప్నోథెరపీతో పోగొట్టవచ్చునన్న మాట తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. వారపత్రికల ప్రశ్న–జవాబు శీర్షికలు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, టెలివిజన్ చర్చలు దీనిని ఇంటింటికీ చేర్చాయి. వైద్యపరంగా దాని మంచిచెడ్డలు తేల్చవలసినవారు వైద్యులు, మనస్తత్వవేత్తలు. కానీ ఈ చికిత్సలో శస్త్రం లేదు, ఔషధం లేదు, యంత్రం లేదు. ఉన్నవి ఒక గొంతు, కొన్ని వాక్యాలు, వాటిని వినడానికి సమ్మతించిన ఒక మనిషి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లోని 30వ విభాగం 2014లో సవరించిన నిర్వచనం ప్రకారం హిప్నాసిస్ అంటే అవధానం ఒకచోట కేంద్రీకృతమై, పరిసరాల స్పృహ తగ్గి, సూచనకు స్పందించే సామర్థ్యం పెరిగిన చేతనావస్థ. నిర్వచనంలోనే సూచన కేంద్రస్థానంలో ఉన్నప్పుడు ఆ సూచన ఏ భాషలో, ఏ వాక్యంలో వెలువడుతోందన్నది భాషాసాహిత్య విమర్శకు చెందిన ప్రశ్నే అవుతుంది.

2. పేరు తెచ్చిన చిక్కు

హిప్నాటిజం అనే పేరులోనే ఒక పొరపాటు ఉంది. మాంచెస్టర్‌లో వైద్యం చేసిన స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1843లో ప్రచురించిన గ్రంథం ద్వారా, నిద్ర అనే అర్థమిచ్చే గ్రీకు పదం ఆధారంగా ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నేళ్ళకే అది నిద్ర కాదని గ్రహించి, మనసు ఒకే భావంపై నిలవడం అనే అర్థం వచ్చే మరో పేరును ప్రతిపాదించాడు. అప్పటికే ఆలస్యమైంది. మొదటి పేరే లోకంలో నిలిచిపోయింది.

తెలుగు ఈ నిద్రతో సరిపెట్టుకోలేదు. అనువాదకులు, పత్రికా రచయితలు దీనికి సమ్మోహన విద్య, వశీకరణ విద్య అనే పేర్లు తొడిగారు. ఈ రెండు మాటలకూ తెలుగు పాఠకుడి స్మృతిలో బరువైన చరిత్ర ఉంది. సమ్మోహనం మన్మథుని పంచబాణాలలో ఒకటి. ఉత్తరగోగ్రహణంలో అర్జునుడు కౌరవసేన మీద ప్రయోగించినదీ సమ్మోహనాస్త్రమే. ఆ అస్త్రం తగిలినవారు స్పృహ తప్పి పడిపోతే, ఉత్తరుడు వారి తలపాగాల వస్త్రాలు తీసుకొని వచ్చాడు. అంటే సమ్మోహితుడు ఓడిపోయినవాడు, తన ఒంటి మీది బట్టను కూడా కాపాడుకోలేనివాడు. ఇక వశీకరణం తంత్రశాస్త్రపు షట్కర్మలలో చేరుతుంది. శాంతి, వశీకరణం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం అనే వరుసలో అది మారణానికి తోబుట్టువు. చికిత్సకు ఈ పేరు పెట్టినప్పుడే చికిత్స పొందవలసిన మనిషి బాధితుడి స్థానంలోకి వెళ్ళిపోయాడు.

ఇది పదాల మీద పట్టింపు కాదు. ఫోబియా ఉన్న వ్యక్తిని పీడించేది ప్రధానంగా తన మీద తనకు అదుపు తప్పుతుందన్న భయం. బల్లిని చూస్తే కేక పెడతానేమో, లిఫ్టులో ఊపిరాడదేమో, నలుగురిలో పడిపోతానేమో అని అతడు వణుకుతాడు. అటువంటివాడికి ‘నిన్ను వశీకరణం చేసి బాగుచేస్తారు’ అని చెప్పడమంటే, ఏది పోతుందని భయపడుతున్నాడో దానినే వదులుకొమ్మని అడగడం. హిప్నాసిస్‌లో మనిషి తన ఇష్టానికి విరుద్ధమైన సూచనను తిరస్కరించగలడని, జరిగినదానిలో చాలా భాగం గుర్తుంచుకోగలడని, ఎప్పుడైనా కళ్ళు తెరవగలడని చెప్పే అవకాశాన్ని ఆ పేరే మూసివేస్తుంది. ‘హిప్నాటిజం’ అని ఆంగ్ల పదాన్నే వాడుతున్న సామాన్య వ్యవహారం ఈ విషయంలో పండితుల అనువాదం కన్నా మేలు. దానికి అర్థం తెలియకపోవచ్చు గాని కనీసం తప్పు అర్థం లేదు.

3. వేదిక నుంచి తెర దాకా

పేరు ఒక్కటే కాదు, దృశ్యం కూడా ఆ వైపే లాగింది. తెలుగువారికి హిప్నాటిజం మొదట పరిచయమైనది ఆసుపత్రిలో కాదు, ఇంద్రజాల ప్రదర్శనలో. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ జీవితమే ఈ చరిత్రకు చక్కని ఉదాహరణ. ఇంద్రజాలికుడిగా ప్రసిద్ధుడై, హిప్నాటిస్టుగా, మనస్తత్వ నిపుణుడిగా, వ్యక్తిత్వ వికాస రచయితగా ఆయన ఎదిగారు. హిప్నాటిజం మంత్రశక్తి కాదని తెలుగు పాఠకుడికి సరళమైన భాషలో నచ్చజెప్పినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు. ఆ కృషి విలువైనది. కానీ ప్రదర్శనకూ చికిత్సకూ ఉన్న తేడాను ఒకే వ్యక్తి రెండు పాత్రల్లో కనిపించినప్పుడు ప్రేక్షకుడు గుర్తుపెట్టుకోవడం కష్టం. వేదిక మీద విజయానికి కొలత చూసేవారి ఆశ్చర్యం. చికిత్స గదిలో ఎవరూ ఆశ్చర్యపోనవసరం లేదు. రోగి వచ్చే వారం బస్సెక్కితే చాలు.

నవల ఈ అయోమయాన్ని మరో దారిలో పెంచింది. గోపీచంద్, బుచ్చిబాబు తెరచిన మనోవిశ్లేషణ మార్గం పాత్ర అంతరంగాన్ని తరచి చూడటం నేర్పింది. ఆ తరువాతి జనప్రియ నవల మనసును ఉత్కంఠకు ముడిసరుకుగా మార్చింది. ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి సంచలనం రేపిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో మాంత్రిక వివరణ, శాస్త్రీయ వివరణ పోటాపోటీగా నిలుస్తాయి. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందా లేదా అన్న వాదం అప్పట్లో గట్టిగానే సాగింది. ఇక్కడ గమనించవలసింది ఆ వాదం కాదు. రెండు వివరణలనూ ఒకే త్రాసులో పెట్టిన కథనంలో శాస్త్రం కూడా మరో రకం మంత్రంలా ధ్వనించడం.

2005లో తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన రెండు చిత్రాలు ఈ ముద్రను స్థిరపరిచాయి. ‘చంద్రముఖి’లో మానసిక వైద్యుడు, మాంత్రికుడు ఒకరికొకరు తోడ్పడతారు. ‘అపరిచితుడు’లో వైద్యుడు హిప్నాసిస్ ద్వారా కథానాయకుడి బాల్యంలోని చెల్లెలి మరణాన్ని వెలికితీస్తాడు. ఈ రెండింటిలోని సమస్య ఫోబియా కాదు. అయినా ఫోబియా చికిత్స గురించి సామాన్యుడి ఊహను తీర్చిదిద్దినవి ఇవే. ఆ ఊహ ప్రకారం ప్రతి భయం వెనుకా మరచిపోయిన ఒక ఘోర సంఘటన దాగి ఉంటుంది, హిప్నాటిస్టు దానిని బయటికి లాగితే భయం పోతుంది. కథకు ఇది ఎంతో అనుకూలం. రహస్యం ఉంది, ఛేదన ఉంది, కన్నీరు ఉంది.

భయ చికిత్స చరిత్ర మాత్రం ఇంత నాటకీయంగా లేదు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లవాడికి చేసిన చికిత్సను ప్రచురించింది. పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరంగా ఉంచి, రోజులు గడిచేకొద్దీ దగ్గరకు జరుపుతూ వచ్చారు. చివరకు అతడు దానిని చేత్తో తాకాడు. మూలకారణాన్ని తవ్వితీయడం మీద ఆ చికిత్స ఆధారపడలేదు. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే 1958 నాటి తన గ్రంథంలో ఇదే సూత్రాన్ని క్రమబద్ధమైన పద్ధతిగా మలిచాడు. రోగి శరీరాన్ని సడలించడానికి ఆయన తొలినాళ్ళలో హిప్నాసిస్‌ను కూడా వాడుకున్నాడు. ఫోబియా చికిత్సలో హిప్నోథెరపీ స్థానం ఇప్పటికీ దాదాపు అదే. బలమైన ఆధారాలున్నది భయ కారకాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే పద్ధతికి. హిప్నాసిస్ ఆ మెట్లు ఎక్కడానికి చేయూత. ఒంటరిగా అదే ఫోబియాను పోగొడుతుందని చెప్పడానికి ఉన్న ఆధారం పరిమితం. పైగా హిప్నాసిస్‌లో ‘గుర్తుకొచ్చిన’ బాల్యస్మృతులు నిజమే కానక్కరలేదు. సూచన వల్ల లేని జ్ఞాపకం పుట్టే ప్రమాదం ఉందని మనస్తత్వ పరిశోధన పదే పదే హెచ్చరించింది. సినిమా ఏ అంశాన్ని చికిత్సకు శిఖరంగా చూపిందో, అసలు జాగ్రత్త పడవలసినది అక్కడే.

4. నాగులేటి ఒడ్డున భయం

చికిత్సకుడి భాషను పరీక్షించాలంటే వినేవాడి భాష ఏమిటో తెలియాలి. కారెంపూడి మీదుగా వచ్చే నాగులేరు దాచేపల్లిని తాకుతూ పోయి కృష్ణలో కలుస్తుంది. నాపరాళ్ళ గనులు, మిరప తోటలు ఉన్న ప్రాంతమిది. రాళ్ళ సందుల్లో తేలు, చేలో పాము ఇక్కడ ఊహలు కావు. 2000–2019 మధ్య భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాల భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ను చేర్చింది. కాబట్టి చీకట్లో చేలోకి వెళ్ళడానికి జంకే రైతును ఫోబియా రోగి అనడం అన్యాయం. అదే రైతు టెలివిజన్‌లో పాము బొమ్మ కనిపించినా లేచి వెళ్ళిపోతే, తాడును చూసి పట్టపగలు కూడా గట్టు దిగలేకపోతే అప్పుడు మాట వేరు. నగరంలో రాసిన స్వయం సహాయక పుస్తకాలు ‘అకారణ భయం’ అనే ఒక్క మాటతో ఈ గీతను చెరిపేస్తాయి.

భయానికి ఇక్కడి పల్లెల్లో ఉన్న మాటలు అకారణ భయం కన్నా ఎంతో నిశితమైనవి. పిల్లవాడు జడుసుకుంటాడు, జడుపు జ్వరం వస్తుంది. గుండె జారుతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు, పై ప్రాణం పైనే పోతుంది. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, మసీదు దగ్గర ఊదించిన నీళ్ళు తాగించడం ఈ మాటల వెంట నడిచే ఉపచారాలు. ఇవి ఫోబియాకు చికిత్సలని చెప్పడానికి వీల్లేదు. కానీ వీటిలో ఒక మర్యాద ఉంది. జడుసుకున్నవాడిని ఎవరూ పిరికివాడనరు. జడుపు బయటినుంచి వచ్చి తగిలినది, అతని తప్పు కాదు.

పెద్దవాడైన మగవాడికి ఈ మినహాయింపు దొరకదు. పల్నాడు అనగానే పౌరుషం అనే మాట జతగా వస్తుంది. కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవాలు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు ఘట్టాలుగా ఆ వీరగాథను మళ్ళీ నడిపిస్తాయి. ఇంజెక్షన్ సూది చూస్తే తనకు కళ్ళు తిరుగుతాయని చెప్పుకోవడం ఇటువంటి స్మృతి ఉన్న నేల మీద తేలిక కాదు. పౌరుషం గురించి ఇంత సాహిత్యం ఉన్నచోట భయాన్ని గౌరవంగా ఒప్పుకొనే భాష పెద్దలకు కరువైంది.

ఆ ఉత్సవాలలోనే కనిపించే పూనకం మరో కారణంగా ఇక్కడ ప్రస్తావనార్హం. పూనకం వచ్చిన మనిషిని చూసి పెరిగినవారికి హిప్నాసిస్ అంటే అదేననిపించడం సహజం. రెండింటిలోనూ అవధానం ఒకేచోట నిలుస్తుంది, శరీరం మామూలుగా లేనట్టు కనిపిస్తుంది. భేదం కర్తృత్వంలో ఉంది. పూనకంలో మాట్లాడేది దేవత లేదా వీరుడు, మనిషి వాహనం మాత్రమే. హిప్నాసిస్‌లో ఉన్నది ఆ మనిషే. రేపు వంతెన ఎక్కవలసినదీ అతడే. ఈ తేడాను మొదటి సమావేశంలోనే పూనకం అనే మాట వాడి మరీ వివరించే చికిత్సకుడు, ఆ మాట ఎత్తకుండా చేతనాచేతన స్థితుల గురించి ఉపన్యసించేవాడికన్నా ఎక్కువ నమ్మకం సంపాదిస్తాడు.

5. సూచన వాక్యం

తెలుగులో వినవచ్చే సూచనలు చాలావరకు ఆంగ్ల వాక్యాలకు నీడలు. ‘మీ కనురెప్పలు బరువెక్కుతున్నాయి, మీరు లోతైన, ఇంకా లోతైన నిద్రలోకి జారుకుంటున్నారు’ అనే ధోరణి సుపరిచితమే. ఇది అర్థం కాని తెలుగు కాదు, ఎవరూ మాట్లాడని తెలుగు. పసిబిడ్డను నిద్రపుచ్చే లాలిపాట లయ, ‘కాస్త నడుం వాల్చు’ అనే పెద్దల పిలుపు ఇంట్లోనే ఉండగా దిగుమతి లయ దేనికి? అయితే ఇది శైలికి సంబంధించిన ఫిర్యాదు మాత్రమే. అసలు విషయం వ్యాకరణంలో ఉంది.

తెలుగులో భయానికి మూడు రకాల వాక్యాలు సహజంగా వస్తాయి. ‘నన్ను భయం పట్టుకుంది’ అన్నప్పుడు భయం కర్త, మనిషి కర్మ. ‘నాకు భయం వేస్తోంది’ అన్నప్పుడు మనిషి చతుర్థీ విభక్తిలో అనుభవించేవాడుగా నిలుస్తాడు, భయం వచ్చిపోయే ఒక స్థితి. ఆకలి, దాహం, నిద్ర, చలి కూడా ఇదే నిర్మాణంలో చెబుతారు. ‘నేను భయపడుతున్నాను’ అన్నప్పుడు మనిషే కర్త, అంటే భయం అతడు చేస్తున్న పని. ఫోబియా ఉన్నవాడు తరచు మొదటి వాక్యంలో జీవిస్తాడు. చుట్టుపక్కలవారు మూడో వాక్యంతో అతడిని తప్పుపడతారు. చికిత్సకు పనికివచ్చేది రెండోది. ఆకలి వేసినట్టే భయం వేస్తుంది, కాసేపు ఉంటుంది, ఎక్కువవుతుంది, తగ్గుతుంది. మనిషి అక్కడే ఉంటాడు. మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కొనే పద్ధతి అనుభవంలో నేర్పేది సరిగ్గా దీనినే. ఆంగ్లంలో ఎన్నో వాక్యాల్లో వివరించవలసిన దూరాన్ని తెలుగు ఒక విభక్తి ప్రత్యయంతో సాధిస్తుంది. అనువాద సూచనల మోజులో వదిలేస్తున్నది ఈ సంపదనే.

వ్యతిరేకార్థక క్రియ రెండో అంశం. ‘భయపడవద్దు’ అన్న మాటలో నిషేధం చివరన వస్తుంది. వినేవాడి చెవిన ముందు పడేది భయమే. ఆంగ్లంలో నిషేధం ముందే వచ్చి కొంత కాపు కాస్తుంది, తెలుగులో ఆ వెసులుబాటు లేదు. సూచనను నిషేధంగా కాక నిశ్చయంగా చెప్పాలన్న సాధారణ నియమం తెలుగుకు మరింత గట్టిగా వర్తిస్తుంది. ‘వంతెన మీద మీకు భయం వేయదు’ అనడం అబద్ధం కూడా. మొదటిసారి తప్పక వేస్తుంది. అబద్ధమని తేలిన సూచన ఆ తరువాత చెప్పే పది సూచనల విలువను తీసేస్తుంది. ‘వంతెన మొదట్లో మీకు భయం వేస్తుంది. వేయనివ్వండి. ముందు సీటు కమ్మి మీ చేతికి గట్టిగా తగులుతూనే ఉంటుంది. నీళ్ళు కనిపిస్తాయి, చూస్తారు. అవతలి ఒడ్డు దగ్గరవుతుంటే ఊపిరి దానంతటదే నెమ్మదిస్తుంది’ అన్న వరుసలో నిషేధం ఒక్కటీ లేదు, వాగ్దానం అతిగా లేదు. మాటలన్నీ బస్సులో కూర్చున్నవాడికి నిజంగా దొరికేవి.

సంబోధన మూడోది. ఆంగ్లంలో మధ్యమ పురుషకు ఒకే సర్వనామం. తెలుగులో నువ్వా మీరా అన్నది చికిత్సలో మొదటి నిర్ణయం. వయసు మళ్ళిన రైతును పట్టణపు యువ నిపుణుడు మీరు అనకపోతే చికిత్స అక్కడే ముగుస్తుంది. పదేళ్ళ పిల్లను మీరు అంటే ఆ పిల్ల బెదిరిపోతుంది. ‘చూడమ్మా’, ‘అట్లా కూర్చో నాన్నా’ అన్న పిలుపులో సగం సడలింపు ఉంది. రికార్డు చేసి అమ్మే సూచనల ధ్వనిముద్రికలు అందరికీ ఒకే గొంతు, ఒకే సంబోధన ఇస్తాయి కనుక ఈ సగాన్ని ముందే పోగొట్టుకుంటాయి.

6. సడలింపు పనికిరాని చోట

మాట మీద ఇంత ఆశ పెట్టుకున్న తరువాత దాని హద్దు కూడా చెప్పాలి. హిప్నోథెరపీ గురించి తెలుగులో చెప్పేవారిలో ఎక్కువమంది అన్ని ఫోబియాలకూ ఒకే ఉపాయం చెబుతారు. కళ్ళు మూసుకోండి, శరీరాన్ని వదులు చేయండి, ప్రశాంతంగా ఉండండి. ఎత్తు, పాము, బల్లి, చీకటి వంటి భయాలలో ఇది హాని చేయదు. రక్తం, సూది, గాయం అంటే కలిగే భయం వేరు. మిగిలిన ఫోబియాలలో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. ఇందులో మొదట పెరిగి, ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి మనిషి నిజంగానే స్పృహ తప్పుతాడు. పడిపోతానన్న అతని భయం ఈ ఒక్క చోట అకారణం కాదు. అటువంటివాడిని ఒళ్ళు వదిలేయమనడం పడిపోవడానికి తోడ్పడటమే.

స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్-గోరాన్ ఓస్ట్, ఆయన సహచరులు 1980లలో ఈ భయానికి రూపొందించిన పద్ధతి సడలింపుకు పూర్తిగా ఎదురు. చేతులు, కాళ్ళు, నడుము కండరాలను పది పదిహేను సెకన్లు బిగించి, ముఖంలో వెచ్చదనం తెలిశాక మామూలు స్థితికి రావాలి. ఇరవై ముప్పై సెకన్లు ఆగి మళ్ళీ బిగించాలి. ఇలా ఐదారుసార్లు. రక్తపోటు నిలబడుతుంది, మనిషి నిలబడతాడు. ఈ తేడా తెలియని హిప్నాటిస్టు ఎంత మధురమైన తెలుగులో మాట్లాడినా ప్రమాదకారే. క్లినికల్ సైకాలజిస్టులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలన్న నియమం ఎందుకుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. వేదిక మీద చప్పట్లు ఆ నమోదుకు ప్రత్యామ్నాయం కావు.

దీని అవసరం ఎవరికో కూడా తెలిసిందే. నెలనెలా రక్తపరీక్షకు వెళ్ళవలసిన గర్భిణి, రోజూ ఇన్సులిన్ తీసుకోవలసిన మధుమేహ రోగి, కుక్క కరిస్తే వరుసగా టీకాలు వేయించుకోవలసిన పిల్లవాడు. వీరిలో ఎవరైనా సూది భయంతో తప్పించుకొని తిరిగితే పోయేది పరువు కాదు, ప్రాణం. అటువంటివారి చెవిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సు పలకగల వాక్యాలు ఎంతో చిన్నవి: ‘కళ్ళు తిరిగినట్టుందా అమ్మా? తిరుగుతాయి. పిడికిళ్ళు బిగించు. కాళ్ళు నేలకు గట్టిగా అదుము. పది లెక్కపెట్టు. ముఖం వెచ్చబడిందా? ఇప్పుడు చెయ్యి వదులు చేసి ఇటు పెట్టు.’